సెకండ్ హ్యాండ్ వ్యాగన్ఆర్ కొన్న అనుభవం: ఫోన్లో వెతుకులాట నుంచి ఆర్సీలో పేరు మారేదాకా

బడ్జెట్ నాలుగున్నర లక్షలు. ఇంట్లో నలుగురం, పండక్కి ఊరెళ్తే ఐదుగురం. పెట్రోల్ బండే కావాలి, ఏ మండల కేంద్రంలో ఆగినా బాగుచేసే మెకానిక్ దొరకాలి. వీటన్నిటికీ సరిపోయింది మారుతి వ్యాగన్ఆర్. కొన్నది 2021 మార్చి తయారీ, 1.0 లీటర్ ఇంజన్, వీఎక్స్ఐ ఆప్షనల్ అనే వేరియంట్, మాన్యువల్ గేర్లు, హైదరాబాద్ రిజిస్ట్రేషన్, ఫస్ట్ ఓనర్ బండి.

కొత్తదా పాతదా అన్నది ముందు తేల్చుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 తర్వాత ఆ లెక్కే మారిపోయింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉన్న కార్ల మీద అంతకుముందు 28 శాతం జీఎస్టీ, ఒక శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు మొత్తం 18 శాతమే. 129 రూపాయలు పడేది 118కి వచ్చింది, అంటే ధరలో సుమారు ఎనిమిదిన్నర శాతం తగ్గింది. వ్యాగన్ఆర్ బేస్ మోడల్ ఎక్స్ షోరూమ్ ధర ఐదు లక్షల లోపుకు దిగింది. తెలంగాణలో ఆ ధర కారుకు లైఫ్ టాక్స్ 13 శాతం. ఇన్సూరెన్స్ కూడా కలిపితే రోడ్డెక్కేసరికి ఆరు లక్షల దగ్గరికి వస్తుంది. నాలుగైదేళ్ళ పాత బండికి ఐదు లక్షలు అడుగుతుంటే ఇక మాట్లాడేది లేదు, కొత్తదే తీసుకోవాలి. పాత బండ్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీల్లో చాలామంది ఇంకా పన్ను తగ్గకముందు రేట్లే చెబుతున్నారు. బేరానికి కూర్చునే ముందు కొత్త బండి ఆన్‌రోడ్ కొటేషన్ ఒకటి ఫోన్లో ఉండాలి. దాన్ని చూపిస్తే మాట మెత్తబడుతుంది.

లోన్ తీసుకునేవాళ్ళకు ఇంకో లెక్క ఉంది. పాత బండి లోన్‌కు వడ్డీ కొత్తదానికన్నా ఎప్పుడూ ఎక్కువే. మూడు లక్షలు ఐదేళ్ళకు 9 శాతం వడ్డీ అయితే నెలకు సుమారు 6,230, అదే 14 శాతమైతే 6,980. ఐదేళ్ళలో తేడా 45 వేలు. పాత బండిలో మిగిలిందనుకున్న డబ్బులో మంచి ముక్క అక్కడే పోతుంది. అప్పు లేకుండా, లేదా కొద్దిపాటి అప్పుతో కొనగలిగితేనే సెకండ్ హ్యాండ్ లాభం. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి.

ఇంకా తక్కువకు వచ్చే బండ్లు ఉన్నాయి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, డాట్సన్ 2022లో వెళ్ళిపోయింది. వాటిని చవగ్గా ఇస్తారు, నడపడానికి కొన్ని బాగానే ఉంటాయి. కానీ ఇంట్లో ఒకే బండి ఉన్నవాళ్ళకు ఒక హెడ్‌లైట్ కోసం వారాలు ఎదురుచూడటం కుదరదు. రెనో క్విడ్ బాగుంది గానీ వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళకు ఇరుకు. టాటా టియాగో గురించి గట్టిగానే ఆలోచించాను, గుద్దుకుంటే బండి ఎంత కాపాడుతుందో ఐదు స్టార్లకు కొలిచే పరీక్ష ఉంది, 2020లో ఆ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో దానికి నాలుగు స్టార్లు వచ్చాయి. వ్యాగన్ఆర్‌కు 2023లో వచ్చింది ఒక్క స్టారే. ఇది దాచాల్సిన సంగతి కాదు. హైవే మీద రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్ళకైతే టియాగోనే చూసుకోమంటాను. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వంగకుండా నేరుగా ఎక్కి కూర్చోవాలి, తిరిగేది ఎక్కువగా ఊళ్ళోనే అన్నచోట వ్యాగన్ఆర్ ఎత్తైన సీటుకు సాటి లేదు.

వేరియంట్ దగ్గర జాగ్రత్త పడాలి. ముందు ప్యాసింజర్‌కు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అన్న నియమం అప్పటికే మార్కెట్లో ఉన్న మోడళ్లకు 2021 చివరికి గానీ అమల్లోకి రాలేదు. అందుకే 2021 బండ్లలో మామూలు వీఎక్స్ఐకి డ్రైవర్ వైపు ఒక్కటే ఉంటుంది, ఆప్షనల్‌కు రెండూ ఉంటాయి. ప్రకటనల్లో రెంటినీ వీఎక్స్ఐ అనే రాస్తారు. ఎడమ సీటు ముందు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అన్న అక్షరాలు అచ్చై ఉన్నాయా అని ఫొటో అడిగితే తేలిపోతుంది.

ఇక చూడటం మొదలుపెట్టాక నా క్రమం ఇది: ముందు కాగితాలు, తర్వాత బాడీ, చివర్లో ఇంజన్. చాలామంది తిరగేసి చేస్తారు. బానెట్ ఎత్తి, యాక్సిలరేటర్ తొక్కి, సౌండ్ బాగుందని అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఈ కే10 ఇంజన్‌కు టైమింగ్ బెల్ట్ లేదు, చైనే ఉంటుంది. వేళకు ఆయిల్ మారుస్తూ ఉంటే లక్షన్నర కిలోమీటర్లు కూడా పెద్దగా సతాయించదు. పాడైనా బాగుచేయొచ్చు. పైకప్పును మోసే పిల్లర్ వంగిన బండిని గానీ, ఫైనాన్స్ తీరని బండిని గానీ ఏ మెకానిక్కూ బాగుచేయలేడు. పైగా కాగితాలు చూడటానికి ఇల్లు కదలక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

బండి నంబర్ తెలియగానే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తాను. ఎన్నో ఓనర్, తయారీ నెల, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి కనిపిస్తాయి. తర్వాత తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్. బండి తరచూ విజయవాడ వైపు తిరిగినదైతే ఆంధ్రా చలాన్లు విడిగా చూడాలి, ఒకచోటివి ఇంకోచోట కనిపించవు. తర్వాత సర్వీస్ హిస్టరీ. మారుతి సర్వీస్ సెంటర్‌కు ఓనర్‌తో కలిసి వెళ్తే బండి ఎప్పుడెప్పుడు వచ్చిందీ, అప్పుడు మీటర్ ఎంత ఉందీ కంప్యూటర్లో చూసి చెబుతారు. మీటర్ వెనక్కి తిప్పిన బండి ఇక్కడే దొరికిపోతుంది. రెండేళ్ళ కిందట 58 వేలు ఉన్న మీటర్ ఇవాళ 41 వేలు చూపిస్తే ఇక ఆ బండి దగ్గర పని లేదు.

చాలామంది పట్టించుకోని కాగితం ఇన్సూరెన్స్ పాలసీ. అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంత శాతమో చూడండి. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, రెండైతే 25, మూడైతే 35, నాలుగైతే 45, ఐదైతే 50. క్లెయిమ్ చేస్తే మళ్ళీ సున్నా. 2021 మార్చిలో కొన్న బండికి 2025లో తీసుకున్న పాలసీ మీద 45 ఉండాలి. 20 ఉందంటే 2023, 24 మధ్య ఏదో జరిగింది, ఏమిటని అడగాలి. అడిగితే చాలామంది చెప్పేస్తారు, బంపర్ గీసుకుపోయిందనో, వెనక నుంచి ఆటో గుద్దిందనో. ఆ చెప్పినదాన్ని బాడీ దగ్గర సరిచూసుకుంటే సరి. 45 ఉన్నంత మాత్రాన దెబ్బ తగల్లేదని మాత్రం కాదు, ఇన్సూరెన్స్‌కు వెళ్ళకుండా బయట షెడ్డులో చేయించి ఉండొచ్చు. ఓనర్ తన పాత బండి బోనస్‌ను దీనికి తెచ్చుకుని ఉండొచ్చు కూడా.

బండి దగ్గరికి పగటిపూటే వెళ్ళాలి. కడిగిన తడి బండి మీద పెయింట్ తేడా కనపడదు, ఆరిన బండే చూపించమనండి. పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటే మంచిది. కంపెనీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్ళీ పెయింట్ వేశారు, 300 దాటితే కింద పుట్టీ ఉందనుకోవచ్చు. ఒక డోర్‌కో, బంపర్ పక్కన ఫెండర్‌కో మళ్ళీ పెయింట్ పడితే భయపడక్కర్లేదు, మన ట్రాఫిక్‌లో గీతలు పడని బండి ఉండదు. చూడాల్సింది పిల్లర్లు, రూఫ్, బానెట్ కింద ఇంజన్ గదికి రెండు పక్కలా ఉండే లోపలి రేకులు (ఆప్రాన్లు). డోర్ తెరిచి రబ్బర్ బీడింగ్‌ను చేత్తో కొంచెం లాగితే కింద రేకు అంచు బయటపడుతుంది. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు గుండ్రంగా, సమాన దూరంలో వరసగా ఉంటాయి. ఆ వరస తెగినా, చుక్కల బదులు గరుకు వెల్డింగ్ గీత కనిపించినా అక్కడ రేకు కోసి అతికించారని అర్థం. బానెట్, ఫెండర్ బోల్టుల తలలు చూడండి. పానా పడితే బోల్టు అంచుల మీద పెయింట్ లేస్తుంది. అన్ని అద్దాల మీదా చిన్న అక్షరాల్లో తయారీ ఏడాది గుర్తు ఉంటుంది. మూడు ఒకరకంగా, నాలుగోది వేరుగా ఉంటే ఆ పక్క డోర్‌ను ఇంకోసారి చూడాలి.

నీళ్ళలో మునిగిన బండ్ల గురించి ఇప్పుడు ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచెత్తాయి. అలా మునిగిన బండ్లు శుభ్రం చేయించుకుని మళ్ళీ అమ్మకానికి రావడం ఏ ఊళ్ళో వరదొచ్చినా జరిగేదే, పైగా బండి ఎక్కడ మునిగితే అక్కడే అమ్మరు. సీటు కవర్లు కొత్తవి వేస్తారు, లోపల సెంటు కొడతారు. సీటు బెల్టును మాత్రం ఎవరూ మార్చరు. ముందు బెల్టును చివరిదాకా, ఇక రాదన్నంతవరకు లాగండి. ఎప్పుడూ లోపల చుట్టుకునే ఉండే ఆ చివరి జానెడు పట్టీ మీద మట్టి చార గానీ, ఆరిన నీటి గీత గానీ ఉంటే బండి మునిగిందన్నట్టే. తర్వాత సీటు పట్టాల తుప్పు, స్టీరింగ్ కింద ఫ్యూజ్ బాక్స్‌లో పచ్చగా పట్టిన మెటల్ కాళ్ళు, డిక్కీలో స్టెప్నీ కింద ఇసుక చూడండి. మునిగిన బండి మొదటి నెల బాగానే నడుస్తుంది. వైరింగ్ సాకెట్లలో చిలుము పట్టేకొద్దీ ఒక్కోటీ చచ్చిపోతుంది, ఏది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఎంత తక్కువకిచ్చినా వద్దు.

ఇక ఇంజన్. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. ముందే వేడి చేసి ఉంచితే జబ్బులు దాగిపోతాయి, అందుకే వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాను. వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయడమే. మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి ఐడిల్‌లో స్టీరింగ్ కొంచెం వణుకుతుంది, అది సహజం. డ్యాష్‌బోర్డంతా గడగడలాడితే ఇంజన్ మౌంటింగ్ పోయింది. స్టార్ట్ కాగానే రెండు మూడు సెకన్లు గలగలమని చైన్ సౌండ్ వస్తే ఆయిల్ మార్పులు ఎగ్గొట్టిన బండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, వదిలేయాలి. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్లటి ఆవిరి ఏమీ కాదు.

క్లచ్ పరీక్షకు అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్‌ను మించింది లేదు. ర్యాంప్ మధ్యలో ఆపి ఫస్ట్ గేర్లో ఎక్కించండి. ఇంజన్ అరుస్తూ బండి కదలకపోయినా, కాలిన వాసన వచ్చినా క్లచ్ ప్లేట్ అయిపోయింది. రోడ్డు మీదైతే నాలుగో గేర్లో ముప్పై వేగం నుంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు స్పీడు పెరగకుండా ఇంజన్ సౌండే పెరిగితే అదే సంగతి. స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా దాటుతూ, అద్దాలు దించి, పాటలు ఆపి వినండి. ముందు నుంచి టకటకమంటే సస్పెన్షన్‌లో స్ట్రట్ మౌంటింగులు గానీ, లోయర్ ఆర్మ్ బుష్షులు గానీ అరిగి ఉంటాయి. అవి చవక పనులే, రేటులో తగ్గించుకోవచ్చు. ఏసీని ఎండలో ఆపి ఉన్న బండిలో పది నిమిషాలు నడిపి చూడాలి, పోతుంటే ఎలాగూ చల్లగానే ఉంటుంది.

ఇంజన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే ఓబీడీ స్కానర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలుస్తుంది. ఎర్రర్ కోడ్లు ఏమీ లేవని చూసి సంతోషపడొద్దు. కోడ్లను తుడిచేయడం ఒక్క నిమిషం పని. యాప్‌లోనే రెడీనెస్ మానిటర్లని ఒక పేజీ ఉంటుంది. కోడ్లు తుడిచినా, బ్యాటరీ వైరు తీసినా ఇంజన్ కంప్యూటర్ తన పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాలి, దానికి కొన్నాళ్ళ డ్రైవింగ్ పడుతుంది. రోజూ తిరిగే బండిలో ఆ పేజీ నిండా ఇంకా పూర్తికాలేదనే ఉందంటే, మీరు వచ్చే ముందు ఎవరో తుడిచారు, లేదా బ్యాటరీ వైరు తీశారు. ఎందుకో చెప్పే బాధ్యత అమ్మేవాళ్ళది.

2018 నవంబర్ నుంచి 2019 అక్టోబర్ మధ్య తయారైన 1.0 లీటర్ వ్యాగన్ఆర్ చూస్తున్నవాళ్ళకు ఒక మాట. ఫ్యూయల్ పంప్ లోపం వల్ల 2020 జూలైలో కంపెనీ 56,663 బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా పంప్ మార్చింది. ఆ బండికి ఆ పని జరిగిందో లేదో చాసిస్ నంబర్ చెబితే సర్వీస్ సెంటర్‌లో చూస్తారు. జరగకపోతే నడుస్తూ నడుస్తూ ఆగిపోయే ప్రమాదం ఉంది.

రేటు దగ్గర మాటల బేరం కన్నా ఖర్చుల చిట్టా బాగా పనిచేస్తుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 0921 అంటే 2021 తొమ్మిదో వారం. నేను కొన్న బండికి నాలుగూ అవే, కంపెనీ నుంచి వచ్చినవే. గాడులు ఉన్నా రబ్బరు గట్టిపడి పక్కల సన్నగా పగుళ్ళు వచ్చాయి. 165/70 ఆర్14 సైజు టైరు ఒక్కోటి నాలుగు వేల పైచిలుకు, నాలుగింటికీ అలైన్‌మెంట్‌తో కలిపి 18 వేలు. బ్యాటరీ నాలుగున్నర వేలు. క్లచ్ ఇంకో ఏడాదికి వస్తుందని మెకానిక్ అన్నాడు, లేబర్‌తో తొమ్మిది వేలు. ఇవన్నీ ఓనర్ ముందే కాగితం మీద వేశాం. "అన్నా, బండి మీద మాకేం అనుమానం లేదు, ఇవి మాత్రం రాగానే పెట్టాల్సిన ఖర్చులు" అంటే ఆయనకూ కోపం రాలేదు. 4.40 అడిగిన బండి 4.05కి తెగింది.

డబ్బు ఆర్సీలో పేరున్న మనిషి ఖాతాకే పంపాలి. మధ్యవర్తి ఖాతాకు వద్దు, ఆయన కమిషన్ ఆయనకు విడిగా ఇవ్వండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు కాబట్టి సగం క్యాష్ ఇవ్వండి అన్న మాట దగ్గరే ఆగిపోవాలి. సేల్ లెటర్‌లో బండి చేతులు మారిన తేదీతో పాటు టైము కూడా రాయించండి. ఆ టైము ముందు పడ్డ చలాన్ వాళ్ళది, తర్వాతది మనది.

పేరు మార్పిడికి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30. పాత ఫైనాన్స్ ఆర్సీలో ఇంకా కనిపిస్తుంటే అప్పు తీరింది, అభ్యంతరం లేదని రాసిచ్చే బ్యాంకు ఎన్‌వోసీతో పాటు ఫారం 35 కూడా కావాలి. బ్యాంకు ఎన్‌వోసీ మీద సాధారణంగా మూడు నెలల గడువు రాసి ఉంటుంది, అది దాటితే ఓనర్ మళ్ళీ బ్యాంకు చుట్టూ తిరగాలి. చేతికి డబ్బు అందాక తిరగరు, కాబట్టి ఎన్‌వోసీ తేదీ చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఒరిజినల్ ఆర్సీ, నడుస్తున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, పాన్, చాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ దగ్గర పెట్టుకుని ఆర్టీఏ స్లాట్ బుక్ చేయాలి. ఆర్సీకి లింకైన ఫోన్ నంబర్ ఓనర్ దగ్గర ఇప్పటికీ పనిచేస్తోందా అని ముందే అడగండి, పనులు ఆగేది ఎక్కువగా ఇక్కడే. ప్రభుత్వ ఫీజు పెద్దదేం కాదు, కారు పేరు మార్పిడికి 300, పైన కార్డు, సర్వీస్ ఛార్జీలు. కొత్తగా లోన్ ఎక్కిస్తే దానికి 1,500.

కొన్నవాళ్ళు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. అమ్మినవాళ్ళు కూడా వదిలేయకూడదు. బండి అమ్మేసినా ఆర్సీలో పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్న ఓనర్‌దేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మంచి ఓనర్‌కు ఈ మాట చెబితే సంతకాలకు ఆయనే ముందుంటాడు.

ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మన పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. థర్డ్ పార్టీ భాగం దానంతటదే బండితో వస్తుంది, మన బండికి జరిగే నష్టం భాగం రాదు. పేరు మారకముందు గుద్దుకుంటే మన రిపేరు మన జేబులోంచే. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే వెళ్ళిపోతుంది కాబట్టి ఆ తేడా డబ్బు కట్టమంటారు, అది న్యాయమే. ఫాస్టాగ్‌ను ఆయన చేత మూయించి కొత్తది తీసుకోవాలి. లేకపోతే టోల్ ఆయన ఖాతాలోంచి కట్ అవుతుంది, ఒకరోజు కోపంతో ఆయన బ్లాక్ చేయిస్తే మనం విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర నిలబడాలి.

ఆంధ్రాలో ఉండి హైదరాబాద్ బండి కొనేవాళ్ళకు ఖర్చు వేరు. ఇక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ తీసుకుని అక్కడ మళ్ళీ రిజిస్టర్ చేయించాలి, బండి వయసును బట్టి లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టాలి. ఇటు నుంచి అటు వచ్చినా అంతే. రేటు ఇరవై వేలు తక్కువని పక్క రాష్ట్రం బండి తెచ్చుకుంటే ఆ టాక్సు దగ్గరే అంతకు మించి పోతుంది.

బండి ఇంటికొచ్చాక మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ అన్నీ ఒకేసారి మార్పించాను, పాత ఓనర్ ఎప్పుడు మార్చారన్నది చూడకుండా. అక్కడి నుంచి లెక్క మనది, తర్వాతి సర్వీస్ పది వేల కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అది. వెనక బ్రేక్ డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయించడం మర్చిపోవద్దు, మామూలు సర్వీసుల్లో వాటి జోలికి ఎక్కువగా వెళ్ళరు, దుమ్ము పేరుకుని హ్యాండ్ బ్రేక్ పట్టు తప్పుతుంది. రెండో తాళంచెవిని బేరం రోజే అడిగి తీసుకోండి. అందులో చిప్ ఉంటుంది, పోతే వీధి చివర తాళాలవాళ్ళ దగ్గర చేయించుకునే పని కాదు.